సబీన్ నది దాటిన ఇరవై ఆరు ఆవులు

అమెరికాలో మా అరోరా ఊరి తెలుగు చర్చిలో ఆరాధన ముగిశాక కాఫీ కప్పు పట్టుకుని నిలబడితే, కొత్తగా ఉద్యోగాలకు వచ్చిన కుర్రాళ్లు నన్ను చుట్టుకుంటారు. "అంకుల్, మీరు డెబ్బైల్లోనే వచ్చారంట కదా! డాక్టర్‌గానా, ఇంజనీర్‌గానా?" అని అడుగుతారు. "ఆవులు కాయడానికి" అంటాను. "అంకుల్ భలే జోక్ చేస్తారు" అని ఒకరి భుజం ఒకరు తట్టుకుంటారు.

జోక్ కాదు నాయనలారా. టెక్సాస్‌లో పదకొండేళ్లు ఆవులు కాశాను. అందులో ఒక్కరోజు పోలీసుని కూడా అయ్యాను. ఆ ఒక్కరోజు సంగతే రాస్తున్నాను. పేర్లు రాయను. కొందరు పోయారు. ఉన్నవాళ్లు నాతో పోట్లాటకు రాలేని వయసులో ఉన్నారు. అయినా రాయను.

ముందే ఒక మాట చెప్పాలి. నలభై రెండేళ్లు వచ్చేదాకా నాకు అక్షరం ముక్క రాదు. ఇంగ్లీషు ముందు నేర్చుకున్నాను, తెలుగు ఆ తరవాత మా అక్క దగ్గర కూర్చుని దిద్దుకున్నాను. చిన్నప్పుడు బడికి పంపితే పశువుల వెనకాల పోయేవాణ్ణి. అది నా తప్పే. పెద్దయ్యాక ఆ సంగతి దాచడం రెండో తప్పు. చదువురానివాడు ముందుగా నేర్చుకునే విద్య ఏమిటో తెలుసా? చదివినట్టు నటించడం. చర్చిలో పాటల పుస్తకం తెరిచి పట్టుకునేవాణ్ణి. పాటలన్నీ కంఠతా వచ్చు. పక్కవాడు పేజీ తిప్పితే నేనూ తిప్పేవాణ్ణి. ఒక్కోసారి వాడికంటే ముందే తిప్పేవాణ్ణి, ఇంకాస్త నమ్మకంగా ఉంటుందని.

మా అక్క నర్సు. మిషన్ ఆసుపత్రిలో పని నేర్చుకుని, నాకంటే చాలా ముందే అమెరికా వచ్చింది. టెక్సాస్‌లో, లూసియానా సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఒక చిన్న ఊళ్లో ఆసుపత్రిలో పనిచేసేది. నన్ను స్పాన్సర్ చేసి, ఆ ఆసుపత్రిలోనే దుప్పట్లు ఉతికే పనిలో పెట్టించింది. మూడు నెలలు ఉతికాను. ఒకరోజు పని అయ్యాక నడుచుకుంటూ ఊరవతలకు పోతే, తీగ కంచె అవతల తెల్లగా, మూపురంతో, గంగడోలు వేలాడుతూ ఒక గిత్త నిలబడి ఉంది. అచ్చం మన ఒంగోలు గిత్త. వాటిని అక్కడ బ్రాహ్మన్ పశువులంటారు. వాటి తాతలు మన దేశం నుంచే ఓడలెక్కి పోయాయని నాకు అప్పటికి తెలీదు. నాకు మాత్రం మా ఊరివాడు ఎదురైనట్టయింది. కంచె దూరి వెళ్లి గంగడోలు గోకాను.

ఇంతలో పికప్ ట్రక్కులో ఒక ముసలావిడ తుపాకీతో దిగింది. ఆ పశువుల రాంచ్ ఆవిడదే. డెబ్బై దాటిన మనిషి, భర్త లేడు, పిల్లలు లేరు.

"దూరంగా జరుగు! ఆ గిత్త ఇద్దర్ని ఆసుపత్రికి పంపింది!" అని అరిచింది.

"గంగడోలు గోకితే ఏ గిత్తా ఏమీ అనదమ్మా" అన్నాను, కంగారులో తెలుగులోనే. ఆవిడకు అర్థం కాలేదు. గిత్తకు అర్థమైంది. మెడ ఇంకాస్త చాచింది. ఆవిడ తుపాకీ దించి, మర్నాడు పనిలోకి రమ్మంది. ఆవిణ్ణి నేను దొరసానమ్మ అని పిలిచేవాణ్ణి. అంటే ఏమిటని అడిగితే "మామ్ అనడమే, ఇంకాస్త పొడుగు" అని చెప్పాను.

రెండేళ్లు హాయిగా గడిచాయి. టోపీ వచ్చింది, బూట్లు వచ్చాయి, గుర్రం మీంచి పడకుండా ఉండటం వచ్చింది. ఇంగ్లీషు చెవితో వచ్చింది. చదువు ఒక్కటే రాలేదు, రాలేదని ఎవరికీ తెలియనూలేదు. కాగితం ఇస్తే కళ్లు చిన్నవి చేసి చూసి తల ఊపేవాణ్ణి. మందు డబ్బాల్ని రంగును బట్టి గుర్తుపట్టేవాణ్ణి.

ఆ సంవత్సరం వరి కోతలు అవుతున్న రోజుల్లో ఒక పొద్దున, రాంచ్ పనులు చూసే మా మేస్త్రి కూతురి పెళ్లని హ్యూస్టన్ పోయాడు. దొరసానమ్మ కంటి డాక్టరు దగ్గరకు పోయింది. నేనొక్కణ్ణే ఉన్నాను. రెండు ట్రక్కులు, వాటి వెనక పొడవాటి ట్రైలర్లు వచ్చి గేటు దగ్గర ఆగాయి. తెల్ల బూట్లు వేసుకున్న ఒక ఆసామి దిగాడు. ఆవుల మధ్య తిరిగేవాడెవడూ తెల్ల బూట్లు వేయడు. ఆ ఒక్కటి చూసైనా నాకు బుద్ధి రావాల్సింది.

"మీ అమ్మగారితో మాట అయిపోయింది. పశ్చిమం పక్క దొడ్డిలో ఉన్నవి తీసుకుపోతున్నాం. ఇదిగో కాగితం" అని చేతికిచ్చాడు.

తీసుకున్నాను. కాగితం పైభాగంలో చేప బొమ్మ ఉంది. ఏదో కంపెనీ గుర్తు అనుకున్నాను. చేప ఉండబట్టి ఏ వైపు పైకి పట్టుకోవాలో తెలిసింది, అదే పదివేలు. కళ్లు చిన్నవి చేశాను. పెదాలు కదిపాను. చివరిదాకా వచ్చినట్టు తల ఊపాను.

"అంతా సరిగ్గా ఉందా?" అన్నాడు.

"సరిగ్గా ఉంది" అని గేటు తీశాను.

అంతటితో ఆగితే బాగుండేది. ఆవులు కొత్త ట్రైలర్ ఎక్కమని మొరాయించాయి. నేనే ఒక్కోదాన్ని పేరు పెట్టి పిలిచి, మూపురం నిమిరి, ఇరవై ఆరింటినీ ఎక్కించాను. తెల్ల బూట్ల ఆసామి నా చెయ్యి పట్టుకుని ఊపి మరీ పోయాడు.

మధ్యాహ్నానికి దొరసానమ్మ వచ్చింది. జేబులో మడిచి భద్రంగా దాచిన కాగితం గర్వంగా ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని పైకి చదివింది.

"ఈ శనివారం సాయంత్రం ఫైర్ స్టేషన్ దగ్గర క్యాట్‌ఫిష్ వేపుడు విందు. అందరూ రండి. ఆరేళ్లలోపు పిల్లలకు ఉచితం." తలెత్తి నన్ను చూసింది. "ఏమిటిది?"

ఆ క్షణంలో నాకు రెండు దార్లున్నాయి. చదువు రాదని చెప్పడం ఒకటి. ఇంకొకటి నేను పోయిన దారి.

"ఇది కాదమ్మా" అన్నాను. "వాడు వేరే కాగితం చూపించాడు. అది నేను చదివాను. మీరు అమ్మినట్టు రాసుంది, కింద మీ సంతకం ఉంది. పొరపాటున నాకు ఇది ఇచ్చినట్టున్నాడు."

"నా సంతకమా?"

"మీదే."

ఆవిడ వరండా మెట్టు మీద కూర్చుండిపోయింది. షెరీఫ్ వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ అగ్గిపుల్ల నములుతూ ఉండే పోలీసు పెద్ద. నన్ను అడిగాడు, అదే అబద్ధం మళ్లీ చెప్పాను. జేబు పుస్తకంలో రాసుకున్నాడు. అబద్ధం నోట్లో ఉన్నంతసేపూ గాలి. పుస్తకంలోకి ఎక్కితే రాయి. ఆ తేడా నాకు అప్పుడు తెలీదు, ఎందుకంటే పుస్తకాలతో నాకు పరిచయం లేదు.

నాలుగు రోజులు దొరసానమ్మ ఇల్లంతా వెతికింది. సొరుగులు, పెట్టెలు, చనిపోయిన భర్త కోట్ల జేబులు కూడా. తను ఎప్పుడో ఏదో కాగితం మీద సంతకం పెట్టి మర్చిపోయిందేమోనని. ఒక పొద్దున నేను కాఫీకి వెళితే అడిగింది: "ఆ సంతకం ఎలా ఉందయ్యా? వంకరగా ఉందా? ఈమధ్య నా చెయ్యి కాస్త వణుకుతోంది."

"గుర్తులేదమ్మా" అన్నాను.

ఊళ్లో అప్పటికే గుసగుసలు మొదలయ్యాయి. పెద్దావిడకు మతిమరుపు వచ్చిందని, ఇక భూమి వదిలేసి వృద్ధుల హోంలో చేరడమే మంచిదని. ఇన్నాళ్లూ వాళ్ల మాట వినని మనిషి ఇప్పుడు విని ఊరుకుంటోంది. అదీ నేను చేసిన పని.

మా అక్క ఊరుకోలేదు. ఆదివారం భోజనానికి పిలిచి, అన్నం పెట్టి, పప్పు వడ్డించక ముందే మొదలుపెట్టింది.

"ఏందిరా, పెద్దామె పెట్టెలన్నీ తిరగేస్తుందంట? ఆసుపత్రిలో చెప్పుకుంటున్నారు."

"ఎతుక్కోనీ."

"ఎతుక్కోనీ ఏందిరా? సంతకం ఉన్న కాగితం నువ్వు చూశావా?"

"చూశా."

"చూస్తే నీకేం తెలుస్తదిరా, అది సంతకమో కోడి గీకిన గీతో!"

నేను పప్పు కోసం చెయ్యి చాచాను. గిన్నె వెనక్కి లాక్కుంది.

"నాకు చదువు రాదు. మూడు మాటలు. చెప్పలేవూ?"

"నువ్వూరుకో అక్కా. నీకేం తెలుసు? నువ్వు నర్సమ్మవి. తెల్ల బట్టలు వేసుకుని పోతే అందరూ లేచి నిలబడతారు. నేను పశువులు కాసేవాణ్ణి. చదువు కూడా రాదని తెలిస్తే పశువుకీ నాకూ తేడా ఏముంటది?"

"పశువైతే అబద్ధం చెప్పదు లేరా" అంది అక్క. ఆ రోజు పప్పు లేకుండానే తిన్నాను.

మర్నాడు పొద్దున్నే షెరీఫ్ వచ్చాడు. సబీన్ నదికి అవతల, లూసియానాలో ఒక పశువుల వేలం షెడ్డులో మూపురం ఆవులు దిగాయని కబురొచ్చింది. వేలం మధ్యాహ్నం పన్నెండుకు. ఆలోగా గుర్తుపట్టకపోతే అవి నాలుగు దిక్కులకూ పోతాయి. నది దాటితే షెరీఫ్ అధికారం చెల్లదు. అక్కడి పశువుల ఇన్‌స్పెక్టర్ సాయం చేస్తానన్నాడు, కాని ఆవుల్ని గుర్తుపట్టే మనిషి కావాలన్నాడు.

"దొరసానికి చూపు సరిగా లేదు, మేస్త్రి ఇంకా రాలేదు. నువ్వే రావాలి" అన్నాడు షెరీఫ్. "ఊరికే వస్తే బాగోదు, నిన్ను ఈ ఒక్కరోజుకీ నా కింద డిప్యూటీని చేస్తున్నాను." ట్రక్కు సొరుగులోంచి తుప్పు పట్టిన బ్యాడ్జి ఒకటి తీసి నా చొక్కాకి గుచ్చాడు. సూది నాక్కూడా గుచ్చుకుంది. "కుడిచెయ్యి ఎత్తు. ఈ కార్డు మీద ప్రమాణం ఉంది, చదువు."

"కళ్లజోడు మర్చిపోయాను సర్. మీరు చెప్పండి, నేను వెనకాలే అంటాను. మా పెళ్లిళ్లలోనూ అంతే. పాస్టరుగారు అంటారు, పెళ్లికొడుకు అంటాడు."

"నువ్వు కళ్లజోడు పెట్టుకోగా నేనెప్పుడూ చూడలేదే?"

"ఎప్పుడూ మర్చిపోతుంటాను సర్."

అలా నేను పోలీసునయ్యాను. నిజం చెబుతానని ప్రమాణం చేస్తూనే అబద్ధంతో మొదలుపెట్టాను.

వంతెన దాటాం. అవతలి పక్క కూడా వరి చేలే, అదే బురద, అవే దోమలు, కొంగలు. మన కృష్ణా డెల్టాలో ఏ కాలవ గట్టు మీదో పోతున్నట్టే ఉంది. వేలం షెడ్డు దగ్గర ఇన్‌స్పెక్టర్ ఎదురొచ్చాడు. పెద్ద పొట్ట, దానికి తగ్గ మీసాలు, ఫ్రెంచి యాసలో ఇంగ్లీషు. నా బ్యాడ్జి వైపు చూశాడు.

"ఇదేంటి?"

"డిప్యూటీ బ్యాడ్జి" అన్నాను రొమ్ము విరిచి.

"నదికి ఈ పక్కన దాన్ని సోడా మూత అంటాం" అన్నాడు. "ముందు తినండి. ఖాళీ కడుపుతో దొంగల్ని పట్టుకోవడం మా వాళ్లకు అలవాటు లేదు." ట్రక్కు వెనక నుంచి గిన్నె తీసి అన్నం పెట్టాడు. వేడన్నం, మీద రొయ్యలకు పెద్దన్నల్లాంటి వాటితో వండిన ఎర్రటి కారం కూర. అమెరికా వచ్చాక మా అక్క ఇంట్లో కాకుండా బయట కళ్లలో నీళ్లొచ్చేంత కారం తినడం అదే మొదటిసారి. షెరీఫ్ రెండు ముద్దలకే నీళ్లకు పరిగెత్తాడు. నేను మళ్లీ పెట్టించుకున్నాను. ఇన్‌స్పెక్టర్‌కి నా మీద గౌరవం వచ్చింది. సోడా మూత వల్ల రాలేదు, కారం వల్ల వచ్చింది.

షెడ్డు వెనక దొడ్లలో రెండు వందల పశువులున్నాయి. మూడో దొడ్లో మావి. దొడ్డి చుట్టూ ఉన్న ఇనప కటకటా మీద తెల్ల బూట్లు వేలాడేసుకుని ఆ ఆసామి కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి టోపీ ఎత్తి పలకరించాడు. అంత ధైర్యం.

మా రాంచ్ ఆవుల తుంటి మీద అరచందమామ ఆకారంలో వాత ఉంటుంది. ఇప్పుడు వీటి మీద నిండు సున్నా ఉంది.

"మీది అరచందమామ, ఇది సున్నా. చందమామలు నాకు తెలీవు" అన్నాడు ఆసామి.

నేను మందలో పెద్దావును పేరు పెట్టి పిలిచాను. తల ఎత్తి, జనాన్ని తోసుకున్నట్టు మిగతావాటిని తోసుకుంటూ వచ్చి కటకటాకి ముట్టె ఆనించింది.

"పచ్చగడ్డి చూపిస్తే నా దగ్గరకీ వస్తుంది" అన్నాడు. ఇన్‌స్పెక్టర్ కూడా పెదవి విరిచాడు. పిలిస్తే వచ్చిందని కాగితం మీద ఎలా రాస్తామన్నాడు.

అప్పుడు నాకు మా తాత గుర్తొచ్చాడు. సంతలో ఎద్దును కొనేటప్పుడు మా తాత వాతలు చూసేవాడు కాదు. ముందు పళ్లు చూసేవాడు, తరవాత సుడులు. మీకు తెలీకపోవచ్చు, పశువు ఒంటి మీద వెంట్రుక అక్కడక్కడా గుండ్రంగా తిరిగి ఉంటుంది. నుదుటి మీద, మూపురం పక్కన, వెన్ను మీద, పొట్ట కింద. ఏ సుడి ఎక్కడుంటే మంచిదో, ఎక్కడుంటే అరిష్టమో మావాళ్లు గంటలకొద్దీ వాదించుకునేవాళ్లు. అరిష్టాల మాట దేవుడెరుగు, రెండు పశువులకు సుడులన్నీ ఒకేలా ఉండగా నేను చూడలేదు. వాత మీద వాత పెట్టొచ్చు. సుడిని ఎవడు మారుస్తాడు?

ఒక బకెట్టు బోర్లించి, దొడ్డికి వీపు తిప్పి కూర్చున్నాను. "రాసుకోండి సర్" అన్నాను ఇన్‌స్పెక్టర్‌తో. "పెద్దావు. నుదుట ఒకటి, దానికి రెండు వేళ్ల కింద ఇంకొకటి. వెన్ను మీద మూపురానికి జానెడు వెనక ఒకటి. రెండోది, చెవి చిరిగిన పెయ్య. నుదుట సుడి కుడికి తిరిగి ఉంటుంది. ఎడమ భుజం మీద ఒకటి. మూడోది..." ఇరవై ఆరింటికీ చెప్పాను. ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. మధ్యలో పెన్సిలు మొద్దుబారితే ఇన్‌స్పెక్టర్ కత్తితో చెక్కుకున్నాడు. వేలానికి వచ్చిన రైతులు చుట్టూ మూగారు.

తరవాత ఇన్‌స్పెక్టర్ ఆ కాగితం పట్టుకుని దొడ్లోకి దిగాడు. ఒకటి సరిపోయింది. రెండు సరిపోయాయి. పదహారు దగ్గర ఆగి అరిచాడు. "తప్పు! ఎడమ భుజం అన్నావు. ఇది కుడి భుజం మీద ఉంది!"

"మీరు ఆవు ముఖానికి ఎదురుగా నిలబడ్డారా సర్?"

"ఔను."

"అది మీకు కుడి. ఆవుకి ఎడమ."

జనం ఘొల్లుమన్నారు. ఇరవై ఆరూ సరిపోయాయి. ఇన్‌స్పెక్టర్ వచ్చి నా భుజం మీద చరిస్తే టోపీ ఎగిరి పడింది. నేను గాల్లో ఉన్నాను. ఆ గాల్లో ఎంతసేపున్నానంటే, తెల్ల బూట్లు కటకటా దిగి నేల మీదకు వచ్చేంతసేపు.

"ఓ, ఇవా!" అన్నాడు ఆసామి, ఇప్పుడే గుర్తొచ్చినట్టు. "ఇవి నదికి ఆ పక్క ఒక ముసలామె దగ్గర కొన్నాను. కొన్నాక నా వాత నేను వేసుకున్నాను. తప్పా? అమ్మినట్టు ఆమె రాసిచ్చింది. కాగితం ఎక్కడో పడిపోయింది." నావైపు వేలు చూపించాడు. "పోతే ఏం? ఇతను చదివాడుగా. చదివే గేటు తీశాడు. చదివానన్నావా లేదా?"

షెరీఫ్ నోట్లో అగ్గిపుల్ల ఆగింది. జేబు పుస్తకం తీసి, ఆ మొదటిరోజు రాసుకున్నది నెమ్మదిగా చదివాడు. నా మాటలే. కాగితం చూశాను. చదివాను. దొరసాని సంతకం ఉంది.

"చూశారా!" అన్నాడు ఆసామి. "ముసలామె మర్చిపోయుంటుంది. పాపం, వయసు."

ఇన్‌స్పెక్టర్ మీసం దువ్వుకుంటూ షెరీఫ్‌తో అన్నాడు: "మీ మనిషే సాక్ష్యం చెబుతుంటే నేనేం చేయను? దొంగతనం ఎక్కడుంది ఇందులో? వేలం ఆపలేను."

గడియారంలో ఎంతైందో నాకు తెలుసు. ముళ్లు చూడటం వచ్చు. ఇంకా పావుగంట. కటకటా సందులోంచి పెద్దావు నా చొక్కా నాకుతోంది. ఆ జనంలో అప్పుడే నన్ను పొగిడినవాళ్లు అరవైమంది దాకా ఉన్నారు. వాళ్ల ముందు చెప్పడమంటే గుడ్డలు విప్పి నిలబడటమే. కాని నాకు ఆవులు కనబడలేదు, జనం కనబడలేదు. వంకరగా ఉందా అని అడిగిన మనిషి చెయ్యి కనబడింది.

"సర్, ఆ పుస్తకంలో ఉన్నది అబద్ధం" అన్నాను. "సంతకం ఉన్న కాగితం లేదు. చేప బొమ్మ కాగితం ఒక్కటే ఉంది. అదే ఇచ్చాడు, అదే చూశాను. నాకు చదవడం రాదు."

మూడు మాటలు. అక్క లెక్క సరిగ్గానే ఉంది. కాని ఒక్కో మాటా బావిలోంచి చేదినట్టు వచ్చింది.

షెరీఫ్ అగ్గిపుల్ల ఉమ్మేశాడు. "నాలుగు రోజులు నన్ను తిప్పావు!" అన్నాడు పళ్లు కొరుకుతూ. ఇన్‌స్పెక్టర్ నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఆవు ఒంటి మీద రాత అంత చదివినవాడివి, కాగితం మీద రాత చదవలేవా?"

"నాటకం!" అన్నాడు ఆసామి, నా పక్కకు వచ్చి నిలబడి. "రాదని చెప్పడానికేం, ఎవడైనా చెబుతాడు. రాదని రుజువేది?"

అది నిజమే. రావడానికి రుజువుంది, రాకపోవడానికి ఏం రుజువు? ఇన్‌స్పెక్టర్ ఒక క్షణం ఆలోచించి, అదే పెన్సిలుతో వెనక పేజీ మీద ఏదో రాశాడు. పెద్ద పెద్ద అక్షరాలు. నా కళ్ల ముందు పెట్టాడు. "ఇది చూడు."

తీసుకున్నాను. ఏళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? కళ్లు చిన్నవి చేశాను. పెదాలు కదిపాను. తల ఊపాను. ఇంతలో పక్కనున్న తెల్ల బూట్ల ఆసామి మెడ చాచి నా భుజం మీంచి చూశాడు. చూసి, కెవ్వున కేక పెట్టి కటకటా మీదకు ఎగిరాడు. షెరీఫ్ కూడా చూసి, టోపీ పట్టుకుని ట్రక్కు మెట్టెక్కాడు. మా వెనకనున్న ఇద్దరు ముగ్గురు రైతులు తలోదిక్కుకూ గెంతారు. మధ్యలో నేనొక్కణ్ణే కాగితం పట్టుకుని, బాగానే రాశారన్నట్టు తల ఊపుతూ నిలబడి ఉన్నాను.

"మీ బూట్ల మధ్య నల్ల పాము ఉంది. కదలకుండా చూసుకోండి" అని రాశాడట ఇన్‌స్పెక్టర్. ఆ బురద ప్రాంతంలో పాముతో ఎవరూ పరాచికాలాడరు.

"ఇతనికి చదవడం రాదు" అని ఇన్‌స్పెక్టర్ జనం వైపు తిరిగి ప్రకటించాడు. "నేను సాక్షి. ఇప్పుడు చెప్పవయ్యా తెల్ల బూట్లూ, సంతకం పెట్టిన కాగితం నిజంగా ఉంటే, చదువురానివాడి చేతిలో చేప విందు కాగితం ఎందుకు పెట్టి పోయావు?"

ఆసామి కటకటా మీద నుంచి దిగనేలేదు. ఇన్‌స్పెక్టరే దింపాడు.

షెడ్డు ఆఫీసు గదిలో షెరీఫ్ నా వాంగ్మూలం కొత్తగా రాశాడు. చదివి వినిపించాడు. మొదటి వాక్యమే అది: నాకు చదవడం రాదు. సంతకం దగ్గరకొచ్చేసరికి నా చేతిలో పెన్ను పెట్టి, నాలిక కరుచుకుని వెనక్కి తీసుకున్నాడు. దొంగ పది వేళ్ల ముద్రలూ తీసిన సిరా డబ్బా బల్ల మీదే ఉంది. అందులోనే నా బొటనవేలు ముంచి ముద్ర వేశాను. దొంగకీ పోలీసుకీ ఒకటే సిరా. తిరుగు ప్రయాణంలో వంతెన దాటేదాకా షెరీఫ్ కొత్త అగ్గిపుల్ల నములుతూ రోడ్డు వైపే చూశాడు. దాటాక మాత్రం, "ఆ పదహారో ఆవు దగ్గర నాకు గుండె ఆగింది" అన్నాడు.

పొద్దుండగానే ఇల్లు చేరాం. దొరసానమ్మ వంటింట్లో ఉంది. బల్ల మీద పాత రసీదులు, ఉత్తరాలు గుట్టగా ఉన్నాయి. నేను టోపీ తీసి గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

"ఆవులు దొరికాయమ్మా. ఇరవై ఆరూ. రేపు తెస్తారు. ఇంకోమాట. మీరు ఏ సంతకమూ పెట్టలేదు. అలాంటి కాగితం లేనేలేదు. నాకు చదవడం రాదు. సిగ్గుపడి అబద్ధం చెప్పాను."

ఆవిడ బల్ల మీది కాగితాలు ఒక్కోటీ తీసి పెట్టెలో పెట్టడం మొదలుపెట్టింది. చివరిది పెట్టాక అంది: "నాకు మతి పోతోందనుకున్నాను. నిన్న రాత్రి వృద్ధుల హోంకు పోవడానికి ఏ బట్టలు సర్దుకోవాలా అని కూడా ఆలోచించాను."

"నన్ను పనిలోంచి తీసేయండమ్మా."

"తీసేస్తే నీకు హాయి. రేపు పశువులకు మేత వేశాక ఈ బల్ల దగ్గరకు రా. నేనేం టీచరమ్మను కాను. గుర్రాలకు నేర్పాను, నీకూ నేర్పుతాను. ఇంకా నిన్ను క్షమించలేదు, అది గుర్తుపెట్టుకో."

చదవడానికి ఏ పుస్తకం పెడుతుందో అనుకున్నాను. షెరీఫ్ దగ్గర నా వాంగ్మూలం నకలు తెప్పించి బల్ల మీద పెట్టింది. రోజూ పొద్దున కాఫీ, ఆ కాగితం, ఆవిడ వేలు. అక్షరం తప్పితే ఆ వేలు నా కణత మీద పడేది. ఏడు వారాలు పట్టింది. ఒక పొద్దున ఎవరి సాయమూ లేకుండా, నా జన్మలో మొట్టమొదటి వాక్యం పైకి చదివాను. "ఐ కెనాట్ రీడ్."

దొరసానమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఇదిగో, మళ్లీ అబద్ధం చెప్పావు" అంది.

ఆ మాట నాకు నచ్చింది. నేరుగా షెరీఫ్ ఆఫీసుకు పోయాను. "సర్, మీ ఫైల్లో నా పేరు మీద ఒక అబద్ధం ఉంది. కొట్టేయండి" అన్నాను. ఏదని అడిగితే చదివి వినిపించాను. షెరీఫ్ కాళ్లు బల్ల మీంచి దించి, కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"ప్రమాణం చేసి, వేలిముద్ర వేసి చెప్పిన మాట అది. ఇప్పుడు అబద్ధమంటే నిన్ను అరెస్టు చేయాల్సి వస్తుంది" అన్నాడు.

"చేయండి సర్" అన్నాను. "కాని ఆ వారెంటు ముందు నా చేతికివ్వండి. నేనే చదువుకుంటాను."